ట్రాన్సిషన్ మధ్యలో విదేశీ ఉద్యోగం: ముందు ఏది, తర్వాత ఏది, ఎక్కడికి వెళ్తే నయం

"ట్రాన్స్ వాళ్ళకి ఏ దేశం మంచిది?" అని అడుగుతుంటారు చాలామంది. ట్రాన్సిషన్‌లో, అంటే పుట్టినప్పుడు రాసిన లింగం నుంచి మన అసలు లింగానికి హార్మోన్లతో, కాగితాలతో, సర్జరీతో మారే దారిలో ఉన్న నేనూ అక్కడే మొదలుపెట్టాను. ర్యాంకింగులు చదివాను, పట్టిక గీసుకున్నాను, చివరికి వెళ్ళింది మాత్రం నా పట్టికలో నాలుగోదిగా ఉన్న చోటికి, ఎందుకంటే ఆఫర్ అక్కడి నుంచే వచ్చింది. వెళ్ళాక తెలిసింది, దేశం పేరు ఎంత ముఖ్యమో, ఏ పని ముగించుకుని విమానం ఎక్కాం, ఏది వెనక్కి నెట్టాం అన్నదీ అంతే ముఖ్యం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. బ్రహ్మాండమైన చట్టాలున్న దేశానికి వెళ్ళి మొదటి ఏడాదంతా డాక్టర్ దొరక్క ఏడ్చినవాళ్ళని చూశాను. ఓ మోస్తరు దేశానికి కాగితాలన్నీ సరిచేసుకుని వెళ్ళి ఎవరి కంటా పడకుండా హాయిగా ఉన్నవాళ్ళనీ చూశాను.

కాబట్టి ముందు క్రమం గురించి మాట్లాడతాను, దేశాలు తర్వాత.

మూడు దారులు

మొదటిది అన్నీ ముగించుకుని వెళ్ళడం. పేరు, పాస్‌పోర్ట్, డిగ్రీ సర్టిఫికెట్లు, సర్జరీ, అన్నీ అయ్యాకే అప్లై చేయడం. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరా కొత్త ఆఫీసులోనా ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గరా ఏమీ వివరించక్కర్లేదు. చిక్కేంటంటే ఈ "అన్నీ" ఎప్పటికి పూర్తవుతాయో ఎవరూ చెప్పలేరు. వెజైనోప్లాస్టీకి (యోని నిర్మించే సర్జరీకి) ముందు ఆ చోట రోమాలు తీయించుకోవడానికే ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఫాలోప్లాస్టీ (పురుషాంగం నిర్మించే సర్జరీ) అయితే రెండు మూడు దశలు, దశకీ దశకీ మధ్య నెలలు. ఈలోపు వయసు ఆగదు కదా. శాశ్వత నివాసానికి కెనడా వాడే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ లాంటి పాయింట్ల పద్ధతిలో 20 నుంచి 29 ఏళ్ళ వాళ్ళకే వయసుకిచ్చే పూర్తి పాయింట్లు, 30 నుంచి తగ్గడం మొదలవుతుంది. మొత్తం శరీరం సిద్ధమయ్యాకే జీవితం మొదలుపెడతాను అనుకుంటే ఆ సిద్ధమవడానికి కావాల్సిన డబ్బు సంపాదించే ఉద్యోగమే చేజారిపోవచ్చు.

రెండోది, అసలు ఏమీ మొదలుపెట్టకుండా వెళ్ళడం. ఇంటివాళ్ళ నుంచి, తెలిసినవాళ్ళ నుంచి దూరంగా వెళ్ళి అక్కడ మొదలుపెడదాం అనే ఆలోచన ఇది, చాలామందిది ఇదే, నేను తప్పుపట్టను. ఇంట్లో ఉంటే ప్రమాదం ఉన్నవాళ్ళకి ఇదొక్కటే దారి కూడా. అయితే ఒక లెక్క వేసుకోండి: కొత్త దేశంలో కొత్త రోగిగా మీరు క్యూ చివర నిలబడతారు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ జెండర్ క్లినిక్‌లో మొదటి అపాయింట్‌మెంట్‌కే ఏళ్ళు పడుతోంది, నెదర్లాండ్స్, ఐర్లండ్‌లలో కూడా వెయిటింగ్ ఏళ్ళలోనే ఉంది. అప్పటికే హార్మోన్లు వాడుతూ, చేతిలో డయాగ్నోసిస్ లెటర్, ఏడాది రక్త పరీక్షల రిపోర్టులు ఉన్నవాళ్ళకి ఒక జీపీనో, అంటే మామూలు ఫ్యామిలీ డాక్టరో, హార్మోన్ల స్పెషలిస్టు ఎండోక్రైనాలజిస్టో ప్రిస్క్రిప్షన్ కొనసాగించడానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్ళకి ఆ దారి చాలాచోట్ల మూసి ఉంటుంది. ఇంకోటి, పాత పేరుతో చేరిన ఆఫీసులో, ఆ ఉద్యోగం మీదే వీసా ఆధారపడి ఉండగా, అందరి ముందూ మారడం. చేయొచ్చు, చేసినవాళ్ళున్నారు, కానీ ఇంటి దగ్గర తప్పించుకున్న టెన్షన్ అక్కడ ఎదురవుతుంది.

మూడోది మధ్యలో వెళ్ళడం. హార్మోన్లు మొదలయ్యాయి, కాగితాలు కొన్ని మారాయి కొన్ని మారలేదు, సర్జరీ ఇంకా లేదు. ఎక్కువమంది పరిస్థితి ఇదే, ఎందుకంటే ఆఫర్లు మన ట్రాన్సిషన్ క్యాలెండర్ చూసి రావు.

ఈ మధ్యలో కూడా ఎక్కడ ఉన్నారన్నది తేడా తెస్తుంది. హార్మోన్లు మొదలుపెట్టిన మొదటి ఏడాది సాధారణంగా మూడు నెలలకోసారి రక్త పరీక్ష చేసి డోసు సరిచేస్తారు. ఆ ఏడాదిలోనే దేశం మారితే సరిగ్గా డాక్టర్ అవసరం ఎక్కువున్న సమయంలో డాక్టర్ లేకుండా పోతారు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ మొదలుపెట్టినవాళ్ళ గొంతు మారేది కూడా ఎక్కువగా ఈ ఏడాదిలోనే, అంటే మొదటి వీడియో ఇంటర్వ్యూలో విన్న గొంతు, చేరే రోజున వినిపించే గొంతు ఒకటి కాకపోవచ్చు. పాస్‌పోర్ట్ ఫోటో సంగతీ అంతే, అది పదేళ్ళు మనల్ని వెంటాడుతుంది.

నన్నడిగితే, హార్మోన్ల మీద ఒక ఏడాది గడిచి లెవెల్స్ స్థిరపడి, పాస్‌పోర్ట్‌లో పేరు మారి, వీలైతే జెండర్ కూడా మారి, సర్జరీలు మాత్రం మిగిలి ఉండగా వెళ్ళడం అన్నిటికన్నా మేలు. సర్జరీ ఆగగలదు, ఎంత బాధగా ఉన్నా ఆగగలదు. పాస్‌పోర్ట్ ఆగకూడదు, ఎందుకంటే వీసా, రెసిడెన్స్ కార్డు, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్, పన్ను నంబరు అన్నీ దాని మీదే కట్టుకుంటూ పోతాయి, తర్వాత మార్చాలంటే ఒక్కొక్కటీ విప్పి మళ్ళీ కట్టాలి. వీసా స్టాంపు పడ్డాక పాస్‌పోర్ట్ మార్చుకుంటే పాతదీ కొత్తదీ రెండూ మోసుకు తిరగాల్సి వస్తుంది, ప్రతి సరిహద్దు దగ్గరా పాత పేరు బయటికి తీయాల్సి వస్తుంది. పేరొక్కటే మార్చడానికి వీలుంటే అదైనా ముందు చేయండి, రోజూ నోట వినిపించేది పేరే కదా, జెండర్ అక్షరం చూసేది ఎప్పుడో ఒకసారి.

డిగ్రీ సర్టిఫికెట్ల మీద పాత పేరు మార్చడానికి కొన్ని విశ్వవిద్యాలయాలు చుక్కలు చూపిస్తాయి. అది మారకపోయినా పాత పేరునీ కొత్త పేరునీ కలిపే అధికారిక పత్రం ఒకటి ఉంచుకుని, వెళ్ళే దేశం 1961 హేగ్ ఒప్పందంలో ఉంటే దానికి అపోస్టిల్, అంటే ఆ దేశాల్లో పత్రం చెల్లేలా ప్రభుత్వం వేసే ధృవీకరణ ముద్ర, వేయించుకోండి. ఆ ఒక్క పత్రం నాకు ఎన్నిసార్లు పనికొచ్చిందో లెక్కలేదు.

పాస్‌పోర్ట్ జెండర్ గడిలో ఆడా మగా కాకుండా పెట్టే ఎక్స్ మార్కర్ గురించి అడిగేవాళ్ళకి: పాస్‌పోర్ట్‌లకి అంతర్జాతీయ ప్రమాణం ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ ఐసీఏఓది, అందులో ఎమ్, ఎఫ్, ఎక్స్ మూడూ చెల్లుతాయి. కానీ వీసా ఫారంలో రెండే గడులున్న దేశాలు బోలెడు. ఉద్యోగం కోసం ఎక్కడికి వెళ్తారో ఇంకా తేలకపోతే, ఎక్స్ మీకు ప్రాణంతో సమానమైతే తప్ప, ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇక దేశాలు

అన్నిటినీ చెప్పను, ఉద్యోగాల కోసం జనం ఎక్కువగా అడిగేవే. ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే సగం గందరగోళం పోతుంది: ఒక దేశం తన పౌరులకిచ్చే హక్కులు వేరు, వర్క్ పర్మిట్ మీదున్న మనకి అందేవి వేరు. వార్తల్లో చదివేది ఎక్కువగా మొదటిదే.

జర్మనీ ఈ విషయంలో మిగతావాటికన్నా నయం. 1980 నాటి పాత చట్టం తీసేసి స్వీయ నిర్ణయ చట్టం తెచ్చారు, 2024 నవంబర్ 1 నుంచి అమల్లో ఉంది. రిజిస్ట్రీ ఆఫీసులో మూడు నెలల ముందు తెలియజేసి తర్వాత వెళ్ళి ప్రకటన ఇస్తే చాలు, సైకియాట్రిస్టు రిపోర్టులు, కోర్టు అక్కర్లేదు. ఈయూ బ్లూ కార్డు (నిపుణులైన ఉద్యోగులకిచ్చే పర్మిట్) ఉన్న విదేశీయులకీ, పొడిగించుకోగల రెసిడెన్స్ పర్మిట్‌తో అక్కడ ఉంటున్నవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. అయితే జర్మనీలో మారినంత మాత్రాన మీ స్వదేశం పాస్‌పోర్ట్ మారదు, రెండు కాగితాలు రెండు మాటలు చెప్తూ ఉంటే ప్రయాణాల్లో తలనొప్పే. వైద్యం సంగతికొస్తే ఒక తప్పు చాలామంది చేస్తారు: జీతం ఎక్కువ ఉంటే అక్కడ ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఎంచుకునే వీలుంది, మొదట్లో చౌకగా కనిపిస్తుంది. కానీ ప్రైవేట్ కంపెనీ పాత జబ్బులు, నడుస్తున్న చికిత్సలు అడుగుతుంది, అదనపు ప్రీమియం వేయొచ్చు, వద్దనొచ్చు కూడా. ప్రభుత్వ విధానంలోని ఇన్సూరెన్స్ అలా వద్దనలేదు. ట్రాన్సిషన్‌లో ఉన్నవాళ్ళు ప్రభుత్వ విధానంలోకే వెళ్ళండి, మీ కొలీగ్ ఎంత చెప్పినా సరే. సర్జరీకి మాత్రం వాళ్ళ ఇన్సూరెన్స్ సైకోథెరపీ సెషన్లు, లెటర్లు అడుగుతుంది, దానికి భాష రావాలి లేదా ఇంగ్లీషు మాట్లాడే థెరపిస్టు దొరకాలి, దొరకడం తేలిక కాదు.

స్విట్జర్లాండ్‌లో 2022 జనవరి 1 నుంచి, స్పెయిన్‌లో 2023 మార్చి నుంచి ఇలాంటి ప్రకటన పద్ధతే ఉంది. స్పెయిన్ రిజిస్ట్రీ మార్పు వాళ్ళ పౌరులకే, కాకపోతే స్వదేశంలో మార్చుకునే వీలే లేని విదేశీయులు స్పెయిన్ ఇచ్చే కార్డుల మీద మార్పు కోరవచ్చు. అర్జెంటీనా ఈ దారిలో అందరికన్నా ముందు నడిచింది, 2012లోనే, కానీ ఉద్యోగానికి అక్కడికి వెళ్ళేవాళ్ళు తక్కువ కాబట్టి ముందుకెళ్దాం.

కెనడా నాకు ఇష్టం, అందుకే లోపాలు ముందు చెప్తాను. ఆరోగ్యం రాష్ట్రాల చేతిలో ఉంటుంది. బ్రిటిష్ కొలంబియాలో దిగిన నెల మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు గడిచాకే కవరేజీ మొదలవుతుంది. ఒంటారియోలో వర్క్ పర్మిట్ మీదున్నవాళ్ళు ఒక ఒంటారియో యజమాని దగ్గర కనీసం ఆరు నెలల పూర్తికాలం ఉద్యోగం చూపించాలి. ఫ్యామిలీ డాక్టర్ దొరకడం ఒక యుద్ధం. మందుల ఖర్చు ప్రభుత్వ ప్లాన్‌లో ఎక్కువమందికి రాదు, ఆఫీసు ఇన్సూరెన్సే దిక్కు. ఇవన్నీ ఒప్పుకున్నాక చూస్తే, సర్జరీలు ప్రభుత్వ ప్లాన్లలో కవర్ అవుతాయి, 2017 నుంచి ఫెడరల్ మానవ హక్కుల చట్టంలో జెండర్ ఐడెంటిటీ పేరుతో సహా ఉంది. చాలా నగరాల్లో థెరపీ గడప తొక్కకుండానే, పూర్తి సమాచారం ఇచ్చి సమ్మతి తీసుకుని హార్మోన్లు రాసే క్లినిక్‌లు ఉన్నాయి. పీఆర్, అంటే శాశ్వత నివాసం, వచ్చాక ఉద్యోగం మారినా భయం లేదు. ఐదేళ్ళ లెక్క వేసుకునేవాళ్ళకి నేను చెప్పేది కెనడానే.

బ్రిటన్ మీద నా అభిప్రాయం ఏడాదికేడాది దిగుతోంది. 2010 సమానత్వ చట్టం ట్రాన్సిషన్‌లో ఉన్నవాళ్ళని ఉద్యోగంలో వివక్ష నుంచి కాపాడుతుంది, ఆ రక్షణ ఇప్పటికీ ఉంది. కానీ 2025 ఏప్రిల్ 16న సుప్రీం కోర్టు ఆ చట్టంలో "సెక్స్" అంటే పుట్టుకతో వచ్చిన జీవశాస్త్ర లింగమే అని తీర్పిచ్చింది, దాంతో టాయిలెట్లు, మారే గదుల విషయంలో ఆఫీసులే అయోమయంలో పడ్డాయి. వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ కట్టి మరీ ఆ ఎన్‌హెచ్‌ఎస్ క్యూలో నిలబడాలి, చివరికి చాలామంది సొంత డబ్బుతో ప్రైవేట్‌కే వెళ్తున్నారు. ఒక మంచి విషయం, నేర చరిత్ర తనిఖీ చేసే డీబీఎస్‌లో ట్రాన్స్ దరఖాస్తుదారుల కోసం వేరే గోప్యమైన దారి ఉంది, దాన్ని వాడుకుంటే పాత పేరు యజమానికి చేరదు. వెళ్ళేవాళ్ళు ఇది తప్పకుండా అడగండి.

అమెరికా. జీతం బాగుంటుంది, పెద్ద కంపెనీల ఇన్సూరెన్స్‌లో సర్జరీ కవరేజీ కూడా మంచిదే ఉండొచ్చు, ఎక్కువ నగరాల్లో డాక్టర్ దొరకడం తేలికే. 2020 జూన్ 15 నాటి సుప్రీం కోర్టు బోస్టాక్ తీర్పుతో ట్రాన్స్ అయినందుకు ఉద్యోగం నుంచి తీయడం చట్టవిరుద్ధం. కానీ 2025 జనవరి 20 నాటి అధ్యక్ష ఉత్తర్వు తర్వాత ఫెడరల్ ప్రభుత్వం పుట్టుక నాటి లింగాన్నే గుర్తిస్తోంది, ఇమిగ్రేషన్ విభాగం కూడా పుట్టినప్పటి సర్టిఫికెట్‌నే ప్రమాణంగా తీసుకుంటోంది. అంటే మీ పాస్‌పోర్ట్ ఒక అక్షరం చెప్తే, వాళ్ళ కాగితం ఇంకో అక్షరం చెప్పొచ్చు. పైగా హెచ్-1బి మీద ఉద్యోగం పోతే 60 రోజుల గడువు, ఆ ఉద్యోగంతోనే ఇన్సూరెన్సూ పోతుంది, అంటే వీసా, జీతం, హార్మోన్లు మూడూ ఒకే కొక్కేనికి వేలాడుతుంటాయి. ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్ళ సంగతి వేరు. కొత్తగా, ట్రాన్సిషన్ మధ్యలో వెళ్ళేవాళ్ళకి ఇప్పుడైతే నేను వద్దనే అంటాను, జీతం రెండింతలు ఉన్నా.

ఆస్ట్రేలియాలో 2013 నుంచి ఫెడరల్ చట్టం జెండర్ ఐడెంటిటీ మీద వివక్షని నిషేధిస్తోంది, జీపీలే హార్మోన్లు రాస్తారు. తాత్కాలిక వీసా మీదున్నవాళ్ళలో చాలామందికి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ రాదు, పరస్పర ఒప్పందం ఉన్న కొన్ని దేశాల పౌరులకే వస్తుంది, ప్రైవేట్ పాలసీలో వెయిటింగ్ పీరియడ్ చదువుకోండి.

జపాన్‌లో మనుషులు మర్యాదగానే ఉంటారు, చట్టమే వెనకబడింది. 2023 అక్టోబర్‌లో అక్కడి సుప్రీం కోర్టు జెండర్ మార్పుకి స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) తప్పనిసరి అన్న షరతుని కొట్టేసింది, అయినా ఆ చట్టం జపాన్ పౌరులకే ఉండే కుటుంబ రిజిస్టర్ చుట్టూ తిరిగేది, విదేశీయుల రెసిడెన్స్ కార్డు పాస్‌పోర్ట్ ఏం చెప్తే అదే చెప్తుంది. ఒక విషయం ఎవరూ ముందుగా చెప్పరు: అక్కడ యజమాని ఏటా ఉద్యోగులకి ఆరోగ్య పరీక్ష చేయించాలి, ఫలితాలు కంపెనీకి చేరతాయి. సింగపూర్‌లో 2025లో ఆమోదించిన పనిచోటు న్యాయ చట్టం జెండర్ ఐడెంటిటీని రక్షిత జాబితాలో పెట్టలేదు. జీతాలు బాగుంటాయి, తల వంచుకుని బతకగలిగేవాళ్ళకి సరిపోతుంది.

గల్ఫ్ గురించి మొహమాటం లేకుండా చెప్తాను. ఒమాన్ 2018 శిక్షాస్మృతిలో మగవాళ్ళు ఆడవేషంలో కనిపించడమే నేరం. కువైట్‌లో ఇతర లింగాన్ని అనుకరించడాన్ని నేరం చేసిన నిబంధనని 2022 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది, కానీ ఒక తీర్పుతో పోలీసు చూపు మారిపోదు. బయటికి కనిపించే దశలో ఉన్నవాళ్ళు వెళ్ళకండి. "మా కంపెనీలో అందరూ ఓపెన్ మైండెడ్" అని హెచ్‌ఆర్ చెప్పొచ్చు, నిజమే కావచ్చు, కానీ ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని ఆపినప్పుడు హెచ్‌ఆర్ అక్కడ ఉండరు. రష్యా 2023 జూలైలో, జార్జియా 2024లో ట్రాన్సిషన్‌నే నిషేధించాయి, హంగరీ 2020 నుంచి కాగితాల్లో మార్పు ఆపేసింది. ఆ ఆఫర్ల గురించి పోలికే అనవసరం.

మందులు: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినేది

ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ వాడేవాళ్ళకీ టెస్టోస్టెరాన్ వాడేవాళ్ళకీ ప్రయాణం ఒకటి కాదు. ఈస్ట్రోజెన్‌గా వాడే ఎస్ట్రడయాల్ చాలా దేశాల్లో మామూలు ప్రిస్క్రిప్షన్ మందు. టెస్టోస్టెరాన్ అలా కాదు, అమెరికాలో షెడ్యూల్ 3 అనే నియంత్రిత మందుల జాబితాలో ఉంది, బ్రిటన్‌లో కూడా నియంత్రిత మందే. అమెరికాలో ఒక ప్రిస్క్రిప్షన్ ఆరు నెలలే చెల్లుతుంది, ఐదు రీఫిల్స్ మించవు. జపాన్‌లోకి ప్రిస్క్రిప్షన్ మందులు ఒక నెలకి సరిపడా తీసుకెళ్ళొచ్చు, అంతకన్నా ఎక్కువైతే ముందే దిగుమతి అనుమతి తీసుకోవాలి. టెస్టోస్టెరాన్ మీదుండే ట్రాన్స్ మగవాళ్ళు దేశం ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క విషయానికి నేను పెట్టే బరువు, జెండర్ చట్టాలకి పెట్టేదానికన్నా ఎక్కువ. మూడు నెలలకోసారి వేసే టెస్టోస్టెరాన్ అన్‌డెకనోయేట్ ఇంజెక్షన్‌కి మారే వీలుంటే, బయల్దేరే ముందు వేయించుకుని వెళ్తే డాక్టర్‌ని వెతుక్కోవడానికి పది పన్నెండు వారాలు ఊపిరి పీల్చుకోవచ్చు. మారడం అనేది మీ డాక్టర్‌తో మాట్లాడి, ముందే, కనీసం ఒక రౌండ్ అయ్యాక, వెళ్ళే వారంలో కాదు.

మందు పేరు కూడా మారుతుంది. టెస్టోస్టెరాన్‌ని అణచడానికి యూరప్‌లో తరచూ రాసే సైప్రోటెరోన్ అమెరికాలో ఆమోదం పొందలేదు, అక్కడ స్పైరోనోలాక్టోన్ ఎక్కువ. సైప్రోటెరోన్ ఎక్కువ డోసులో ఎక్కువకాలం వాడితే మెనింజియోమా (మెదడు పొరల్లో వచ్చే కణితి) ప్రమాదం పెరుగుతుందని 2020లో యూరప్ మందుల సంస్థ హెచ్చరించింది కాబట్టి, కొత్త డాక్టర్ డోసు తగ్గిస్తానంటే అది ట్రాన్స్ వ్యతిరేకత అనుకుని గొడవపడకండి. లెటర్‌లో బ్రాండ్ పేరు కాకుండా జెనెరిక్ పేరు, డోసు, ఎప్పటినుంచి వాడుతున్నారో రాయించుకోండి. మందులు అసలు డబ్బాల్లోనే, చేతి సామానులోనే.

ఇక యూనిట్లు. నేను దిగిన రెండో నెలలో అక్కడి ల్యాబ్ రిపోర్టు చూస్తే ఎస్ట్రడయాల్ 514 అని ఉంది. అంతకుముందు ఎప్పుడూ 140 దాటలేదు. గుండె ఆగినంత పనైంది, రక్తం గడ్డకడుతుందేమో అని భయపడి డాక్టర్‌ని అడక్కుండానే డోసు సగం చేశాను, రెండు వారాలు ఒళ్ళంతా వేడి ఆవిర్లు, మూడ్ పాతాళంలో, కొత్త ఉద్యోగంలో ఆ రెండు వారాలు ఎలా గడిచాయో నాకే తెలియదు. అసలు సంగతి ఏంటంటే నా పాత రిపోర్టులు పికోగ్రాములు పర్ మిల్లీలీటర్‌లో, ఇక్కడిది పికోమోల్స్ పర్ లీటర్‌లో. 140ని 3.67తో గుణిస్తే 514. ఏమీ మారలేదు! టెస్టోస్టెరాన్‌కి నానోగ్రాములు పర్ డెసిలీటర్ అంకెని 28.8తో భాగిస్తే నానోమోల్స్ పర్ లీటర్ వస్తుంది, 600 అంటే సుమారు 21. ఈ రెండు లెక్కలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

ఆఫర్ ఏ రకం

ఇప్పుడున్న కంపెనీలోనే బదిలీ, కొత్త కంపెనీ, కాంట్రాక్టు, ఈ మూడింట్లో బదిలీ ఎప్పుడూ తక్కువ అంచనాకి గురవుతుంది. జీతం కొంచెం తక్కువగానే ఉంటుంది, నిజమే. కానీ మీరు ఇప్పటికే ఆఫీసులో చెప్పుకుని ఉంటే మీ పేరు వ్యవస్థలో మారి ఉంటుంది, పాత పేరుతో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉండదు, కొత్త చోట ప్రొబేషన్ సాధారణంగా ఉండదు, తేడా వస్తే వెనక్కి రావడానికో తలుపు ఉంటుంది. కొత్త కంపెనీ అయితే ఎవరికీ మీ గతం తెలియదు, అది వరం, కానీ పాత యజమానులకి ఫోన్ చేసి అడిగేటప్పుడు ఏ పేరుతో అడుగుతారో ముందే సర్దుకోవాలి. నేను పాత మేనేజర్లిద్దరికీ ముందే ఫోన్ చేసి కొత్త పేరు చెప్పాను, ఒకరు వెంటనే సరే అన్నారు, ఇంకొకరు అరగంట మౌనం తర్వాత "నీ పని గురించే కదా అడిగేది, చెప్తాలే" అన్నారు. అరగంట అంటే నిజంగా అరగంట కాదులెండి, నాకలా అనిపించింది.

కాంట్రాక్టు ఉద్యోగం ట్రాన్సిషన్ మధ్యలో ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా నాసిరకం, ఎందుకంటే సిక్ లీవు ఉండదు, ఇన్సూరెన్స్ ఉంటే పేరుకే, వీసా మాత్రం ఏజెన్సీ చేతిలో.

ఇన్సూరెన్స్ గురించి హెచ్‌ఆర్‌ని అడగాలంటే బయటపడిపోతామని భయం కదా. "జెండర్ సర్జరీ కవర్ అవుతుందా" అని అడగక్కర్లేదు. "కుటుంబంతో వస్తున్నాను, పూర్తి పాలసీ బుక్‌లెట్ పంపగలరా" అంటే పంపుతారు, అది ఎవరైనా అడిగేదే. రెండు పేజీల సారాంశం కాకుండా పూర్తిది అడగండి, మినహాయింపుల పేజీ అందులోనే ఉంటుంది. అక్కడ ముందునుంచీ ఉన్న పరిస్థితులకి ఎన్ని నెలల వెయిటింగ్ ఉందో, హార్మోన్ చికిత్స పేరెత్తి మినహాయించారో చూడండి. ప్రొబేషన్ ఎన్ని నెలలో కూడా చూసుకోండి, దాని లోపల సర్జరీ తేదీ పెట్టుకోవద్దు.

సర్జరీ ఎక్కడ

వెళ్ళే ముందే చేయించుకుంటే చూసుకునే మనుషులు దగ్గరుంటారు, ఉంటే. చేరాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి: ఛాతీ సర్జరీ అయితే నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తకూడదు, అంటే సూట్‌కేసు కూడా. వెజైనోప్లాస్టీ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాల సెలవు, ఆ తర్వాత కూడా మొదటి నెలల్లో రోజుకి పలుమార్లు డైలేషన్ (కొత్త మార్గం మూసుకుపోకుండా సాగదీయడం), ప్రతిసారీ అరగంట దాకా. కొత్త ఆఫీసులో, షేరింగ్ ఫ్లాట్‌లో, ఆ టైమ్‌టేబుల్ ఊహించుకోండి. పెద్ద సర్జరీ అయిన కొత్తలో సుదూర విమాన ప్రయాణం కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది, నోటి ద్వారా ఈస్ట్రోజెన్ తీసుకునేవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ, ప్యాచ్, జెల్ వాడేవాళ్ళకి తక్కువ. ఎప్పుడు ఎగరొచ్చో సర్జన్ చేత రాయించుకోండి.

మూడో దేశానికి, ఎక్కువగా థాయిలాండ్‌కి, వెళ్ళి చేయించుకునేవాళ్ళు చాలామంది. అక్కడి సర్జన్ల అనుభవం గట్టిది, కానీ తిరిగొచ్చాక కుట్టు విడిపోతే చూసేది మీరున్న దేశం డాక్టరే, వేరేవాళ్ళు చేసిన దాన్ని ముట్టుకోవడానికి కొందరు వెనకాడతారు. కాబట్టి అక్కడికి వెళ్ళేముందే ఇక్కడ ఫాలోఅప్ చూసే డాక్టర్ పేరు చేతిలో ఉండాలి. వెళ్ళిన దేశంలోనే చేయించుకోవడం చౌక, సురక్షితం, నెమ్మది. ఉద్యోగం స్థిరమైతే, ఆగగలిగితే, నేను దీనివైపే.

భార్యో భర్తో వెంట ఉంటే

ఇది మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. పాస్‌పోర్ట్‌లో జెండర్ మారగానే మీ పెళ్ళి కాగితం మీద అదే పెళ్ళి, కానీ చూసేవాళ్ళకి అది ఒకే లింగం వాళ్ళ పెళ్ళి కావచ్చు, లేదా అలా ఉన్నది ఆడ మగ పెళ్ళిగా మారొచ్చు. ఒకే లింగం పెళ్ళిని గుర్తించని దేశంలో దీనివల్ల డిపెండెంట్ వీసా తిరస్కరించొచ్చు. జర్మనీ, కెనడా, స్పెయిన్, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో ఈ బెడద లేదు. జపాన్, సింగపూర్‌లు దేశమంతటా ఒకే లింగం పెళ్ళిని గుర్తించవు. మా ఇద్దరి దరఖాస్తులప్పుడు పెళ్ళి సర్టిఫికెట్ మీద నా పాత పేరు, పాస్‌పోర్ట్ మీద కొత్త పేరు, మధ్యలో ఆ అపోస్టిల్ వేయించిన పేరు మార్పు పత్రం. ఆఫీసర్ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి, మా ఇద్దరినీ చూసి, ఒక్క ప్రశ్న అడిగారు: ఇల్లు దొరికిందా అని. ఇంకా లేదన్నాం.